మా అల్లుడు తప్పు చెప్పడు

ముక్కూ మొహం తెలియనివాడు రంగువేసిన గుర్రానికి వెనక కాలి దగ్గర నీడ సరిగ్గా రాలేదని మా అల్లుడు పేరాలకు పేరాలు రాస్తాడు. ఫోన్లో వాళ్లకో సంఘం ఉంది. బొటనవేలంత సిపాయి బొమ్మలకు రంగులు వేసి, రెండు సైన్యాలుగా బల్ల మీద నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి యుద్ధం ఆడేవాళ్ల సంఘం అది. కొత్తగా కుంచె పట్టినవాళ్లు తమ బొమ్మ ఫొటో అందులో పెట్టి, ఎలా ఉందో చెప్పమని అడుగుతారు. మావాడు చెప్తాడు. ఎక్కడో చలిదేశంలో కూర్చున్నవాడికి, వాడి సిపాయి మోచెయ్యి కొయ్యముక్కలా ఎందుకుందో విడమరిచి చెప్తాడు. అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర, జానెడు దూరంలో కూర్చుని నేను బొమ్మ చూపిస్తే మాత్రం ఒకటే మాట.

"బాగుంది బాపా."

ఇదెక్కడి న్యాయం?

మాది ఒడిశాలోని బరంపురం. తరాలుగా బట్టల కొట్టు. అల్లుడు ఒడియావాడు, పురుషోత్తంపూర్ వైపు. కాలేజీలో లెక్కలు చెప్తాడు. మా అమ్మాయీ అతనూ కలిసి చదువుకున్నారు, కలిసి వచ్చి మా ముందు నిలబడ్డారు, పెళ్లి చేశాం. ఇప్పుడు మా ఇంటి మేడమీదే ఉంటారు. మామగారిని బాపా అని పిలవడం వాళ్ల వైపు పద్ధతి. బాపా అంటే నాన్నే. మాతో తెలుగులోనే మాట్లాడతాడు, పండగనాడు కొత్త పంచె కట్టుకున్నవాడిలా, ఎక్కడ నలుగుతుందో అన్నంత జాగ్రత్తగా. మంచివాడు. మంచివాడు కాబట్టే నాకు ఒళ్లు మండేది.

కొట్టు మా తమ్ముడి కొడుక్కి అప్పగించి ఇంట్లో కూర్చున్న మొదటి వేసవిలో, నుదుటికి భూతద్దం కట్టుకుని అల్లుడు ఒక విలుకాడి బెల్టుకు రంగు వేస్తుంటే చూశాను. బెల్టు ఎంత? బియ్యపుగింజ మందం. నాకు నోరూరింది. ఒక బొమ్మ ఇమ్మని అడిగాను. కంగారుపడ్డాడు గానీ ఇచ్చాడు. ఒక కాల్బలం నాయకుడు, చేతిలో కత్తి. రంగులు, కుంచె, నీళ్ల గ్లాసు అన్నీ అమర్చి పెట్టాడు. "మీకు ఎలా తోస్తే అలా వెయ్యండి బాపా" అన్నాడు. నేర్పాల్సినవాడు మొదటిరోజే అనకూడని మాట అది.

నాకు రంగులు కొత్త కావు. మా ఊళ్లో ఠాకురాణీ అమ్మవారి జాతర వస్తే మగవాళ్లు ఒళ్లంతా పసుపురంగు పూసుకుని, నల్లచారలు వేయించుకుని పులివేషం కడతారు. కుర్రతనంలో నేను ఆ వేషాలకు చారలు వేసేవాణ్ణి. అక్కడ సూత్రం ఒకటే: రంగు దట్టంగా పట్టాలి, చెమటకి జారకూడదు, వీధి ఆ చివర నిలబడ్డవాడికి కూడా చార కనబడాలి. నాకు తెలిసిన చిత్రకళ మొత్తం అదే. ఆ లెక్కనే నాయకుడి మొహానికి పసుపు దట్టించాను. కళ్లచుట్టూ, కనుబొమలకూ, బుగ్గల కిందా నల్లటి గీతలు లాగాను. దూరం నుంచి చూస్తే ఏం తేజస్సు! నా మట్టుకు నాకు అలాగే కనబడింది.

అల్లుడు దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, గొంతు సవరించుకున్నాడు. "బాగుంది బాపా."

మా ఆవిడ ఆ దారినే పోతూ ఆగి చూసింది. "ఏటండీ, పచ్చకామెర్లొచ్చినోడిలా ఉన్నాడు ఈడు? యుద్ధానికి ఎందుకు, ఆస్పత్రికి ఎల్లమనండి" అంది.

ఆవిడ నిజమే చెప్తుంది, ఎప్పుడూ చెప్తుంది. కాని రోగం పేరు చెప్పి వెళ్లిపోతుంది తప్ప మందు చెప్పదు.

బాగుంది అనే మాట విలువ ఎంతో బట్టల కొట్టువాణ్ణి అడగాలి. యాభై ఏళ్లకు పైగా ఏ ఆడమనిషి ఏ చీర భుజాన వేసుకున్నా బాగుందమ్మా అన్నాను. సరుకు కదలాలి కదా! మా అల్లుడి బాగుందిలో కూడా నాకు ఆ వాసనే తగిలేది. తేడా ఏమిటంటే అతను నాకేమీ అమ్మడం లేదు. నన్ను ముట్టుకోకుండా పక్కనుంచి తప్పుకుపోతున్నాడు, అంతే.

నా కోపానికి పాత కారణం ఒకటుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పుట్టినవాణ్ణి. ఐదో తరగతిలో ఉండగా మా తెలుగు బడి మూసేశారు. ఎందుకు మూశారో, ఎవరిని అడిగి మూశారో ఇప్పటికీ ఎవరూ నాకు జవాబు చెప్పలేదు. నన్ను కొట్లో కూర్చోబెట్టారు. ఆ తర్వాత నేర్చినవన్నీ సొంతంగా నేర్చినవే. ఒడియా చదవడం సరుకుల కాగితాల మీద, ఇంగ్లీషు సినిమా పోస్టర్ల మీద. హార్మోనియం కూడా అలాగే పట్టాను. పాతికేళ్లు భజనల్లో వాయించాను. ఒకసారి పక్కనున్న రంభ అనే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా చెయ్యి చూసి, "మిగతా రెండు వేళ్లకీ ఏటైంది బాబూ, దెబ్బ తగిలిందా?" అన్నాడు. అప్పుడు తెలిసింది, నేను మూడు వేళ్లతోనే వాయిస్తున్నానని. పాతికేళ్లపాటు చుట్టూ కూర్చున్న వాళ్లందరూ బాగుంది అన్నవాళ్లే! సొంతంగా నేర్చుకున్నవాడికి పొగిడేవాళ్లు దొరుకుతారు. దిద్దేవాడు దొరకడు. ఇన్నాళ్లకు మా ఇంట్లోనే ఒక మాస్టారు ఉన్నాడు, చేతిలో ఎర్రసిరా పెన్నుతో. నా వంతు వచ్చేసరికి దానికి మూత పెట్టేస్తున్నాడు.

ఒక ఆదివారం ఆ సంగతి తేలిపోయింది.

ఆదివారాలు అల్లుడి స్నేహితులు వచ్చి మేడమీద గదిలో ఆట ఆడతారు. బల్ల మీద పచ్చటి గుడ్డ పరిచి, థర్మోకోల్ కొండలు పెడతారు. రంగు వెయ్యని బొమ్మ ఆ గుడ్డ మీద కాలు పెట్టకూడదని వాళ్ల నియమం. రంగు ఎలా ఉండాలో మాత్రం నియమం లేదు. అందుకని ఆ రోజు అల్లుడి సైన్యంలో నా నాయకుడూ, నేను వేసిన ఇంకో నలుగురూ కూడా దిగారు. చూద్దామని నేను మెట్లెక్కి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అందరూ వంగి బల్ల మీద ఉన్నారు, నన్నెవరూ చూడలేదు.

ఇచ్ఛాపురం నుంచి వచ్చే స్నేహితుడొకడు నా నాయకుణ్ణి వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"గురూ, ఈడెవడు గురూ? ఎవడో పాన్ నమిలి మొకమ్మీద ఉమ్మీసినట్టున్నాడు! ఎవడేసాడు దీన్ని?"

గదంతా నవ్వు. నేను మెడ ముందుకు చాచాను. సిగ్గుతో కాదు. ఇదిగో, ఇన్నాళ్లకు ఒకడు నోరు తెరిచాడు, ఇంకాస్త చెప్తే బాగుణ్ణు అని.

మా అల్లుడు నవ్వలేదు. "నేనే వేశాను" అన్నాడు.

"నువ్వా! కళ్లు మూసుకుని ఏసావా?"

"నిద్రమత్తులో వేశాను. అక్కడ పెట్టు."

చూశారా! నా పరువు కాపాడ్డానికి నా చెత్తను తన నెత్తిన వేసుకున్నాడు. అంత ప్రేమ ఎవరు చూపిస్తారు, నిజమే. కాని ఆ క్షణంలో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా తప్పు నాది. దాన్ని కూడా నాకు మిగల్చడా?

"అది నాది. నేనేసినాను" అన్నాను గుమ్మంలోంచి.

ఆ ఇచ్ఛాపురం కుర్రాడు బొమ్మ వదిలేసి నా కాళ్ల మీదికి వంగాడు. "బాబోయ్, మీరా మావయ్యగారూ! తెలీక అనీసినానండి. కొత్తోళ్లకి ఇంత పనితనం రాదండి. ఆ పసుపు సూడండి, బంగారమే!"

ఒక్క నిమిషంలో ఉమ్ము బంగారమైపోయింది. మిగతావాళ్లు కూడా అందుకున్నారు. ఒకడికి కత్తి నచ్చింది. ఇంకొకడికి ధైర్యం నచ్చింది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

స్నేహితులు వెళ్లాక అల్లుడు కిందికి వచ్చాడు. నా నాయకుణ్ణి అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు.

"కోపం వచ్చిందా బాపా? వాడు నోటిదురుసు మనిషి."

"ఆడిమీద కాదు, నీమీద. నా పని నీదని ఎందుకు సెప్పావు?"

"మీ పరువు..."

"నా పరువు నేను సూసుకుంటాను. కాలేజీలో పిల్లల పేపర్లన్నీ ఎర్రగా సేసిపడేస్తావు. ఊరూ పేరూ తెలీనోడికి ఫోన్లో పాఠాలు సెప్తావు. నా మీద ఒక్క సుక్క సిరా పడదేటి బాబూ?"

"వాళ్లకి నేను మాస్టర్ని. మీకు అల్లుణ్ణి. అల్లుడు ఎలా అంటాడు బాపా?"

"మీ నాన్న ఏసుంటే ఏటనేవాడివి?"

వాళ్ల నాన్న మా అమ్మాయి పెళ్లికి ముందే పోయాడు. తమలపాకు తోటలు ఉండేవట.

"నాన్నతో అయితే దెబ్బలాడేవాణ్ణి. తోటలో ప్రతి పందిరికీ దెబ్బలాటే. ఆయన కట్టిన ముడి నేను విప్పేవాణ్ణి, నేను కట్టింది ఆయన విప్పేవాడు."

"మరి నన్ను బాపా అంటున్నావు కదా. ఊరికే అంటున్నావా?"

అల్లుడు కుర్చీ లాక్కుని దీపం కింద కూర్చున్నాడు. బొమ్మను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు వచ్చింది మాట. తెలుగులో రాలేదు.

"ఏఇటా ఠిక్ హేలా నాహి, బాపా."

ఇది సరిగ్గా రాలేదు అన్నాడు. ఇక ఆగలేదు. రంగును నీళ్లతో పల్చన చెయ్యకుండా సీసాలోంచి తీసి అలాగే పూశానన్నాడు. పాలంత పల్చగా కలిపి, ఒక పూత ఆరాక ఇంకో పూత వెయ్యాలన్నాడు. కుంచె మొనతో వెయ్యాల్సింది పొట్టతో వేశానన్నాడు. నల్లగీత మొహం మీద ఉండకూడదు, మడతల్లోకి దిగి నీడ కావాలన్నాడు. సగం ఒడియా, సగం తెలుగు, గొంతు పైకి లేస్తోంది, చెయ్యి ఆడుతోంది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో నా ముందు అతను అన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదలు.

"అసలు ఇంత మందంగా వెయ్యమని ఎవరు నేర్పారు మీకు?"

పులివేషాల సంగతి చెప్పాను. పగలబడి నవ్వాడు. "పులిని మేడల మీంచి చూస్తారు బాపా! వీణ్ణి చేతిలో పెట్టుకుని చూస్తారు!"

తర్వాత లోపలికి వెళ్లి, ఒక గిన్నెలో స్పిరిట్ పోసి తెచ్చాడు. నా నాయకుణ్ణి అందులో ముంచాడు. కాస్త నాననిచ్చి తీసి, ఒక పాత బ్రష్షు నా చేతిలో పెట్టి, "రుద్దండి" అన్నాడు. అండి పెట్టాడు గానీ అది ఆజ్ఞే. నేను రుద్దడం మొదలుపెట్టాను. పసుపు తొక్కలు తొక్కలుగా ఊడుతోంది.

అప్పుడే మా అమ్మాయి మేడ దిగింది. మొగుడివైపు చూసి గుడ్లురిమింది. "ఏటిది? నాన్న సేత బొమ్మలు తోమిస్తన్నావా?"

అల్లుడు ఉలిక్కిపడి బ్రష్షు అందుకోబోయాడు. మళ్లీ పాత అల్లుడైపోతున్నాడు! నేను బ్రష్షు వెనక్కి లాక్కున్నాను.

"నువ్వు మేడమీదికి ఎల్లమ్మా. ఇక్కడ సదువు జరుగుతంది."

అమ్మాయి వెళ్లలేదు, తలుపుకి చేరగిలబడి నిలబడింది. మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చింది. నేను రుద్దుతూనే ఉన్నాను. రంగు పోయాక కింద ఒక మొహం బయటపడింది. సన్నటి మీసం, కొసలు పైకి తిరిగి ఉన్నాయి. నోరు కొంచెం తెరిచి ఉంది, ఎవరినో కేక వేస్తున్నట్టు. ఆ మీసం ఉందని గానీ, ఆ కేక ఉందని గానీ నాకు అప్పటిదాకా తెలియదు. పసుపు కింద కప్పెట్టేశాను.

"మీసం ఎంత సోకుగా ఉందో! ఇన్నాళ్లూ ఎక్కడ దాసారండీ?" అంది మా ఆవిడ.

మర్నాడు సాయంత్రం పాలంత పల్చగా రంగు కలిపి, మళ్లీ వేశాను. ఒక పూత వేసి ఆరేదాకా ఆగడం నా ఒంటికి పడని పని, అయినా ఆగాను. అల్లుడు కాలేజీ నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా బల్ల దగ్గరికి వచ్చాడు. బొమ్మ తీసుకున్నాడు. ఆ గొంతు సవరింపు వినబడుతుందేమోనని నేను చూస్తున్నాను.

"కుడికన్ను పైకి పోయింది" అన్నాడు. "మెడ కింద వదిలేశారు. మీసం పర్వాలేదు."

"పర్వాలేదంటే? ఏటి తక్కువైంది మీసానికి?"

"ఎడంవైపు లావైంది. కనబడ్డం లేదా?"

"నాకు సమంగానే ఉంది!"

"భూతద్దం పెట్టి చూడండి బాపా, ఊరికే అరవకండి."

ఇద్దరం ఆ మీసం మీద చాలాసేపు దెబ్బలాడుకున్నాం.