సగంలో ఆపిన సినిమా

విజయనగరంలో మా కాలేజీ విద్యార్థులమే నడిపిన సినిమాల పండుగకు జూనియర్ అమ్మాయి ఒకతె ఫోనుతో తీసిన చిన్న సినిమా ఇచ్చింది. భోగాపురం దగ్గర విమానాశ్రయం కోసం ఖాళీ చేయించిన ఊరు వాళ్లది. ఇల్లు పడగొట్టే రోజు పొద్దున వాళ్ల నాన్నమ్మ వాకిట్లో ముగ్గు వేయడం తీసింది, అంతే.

మాట్లాడేటప్పుడు చున్నీ కొసను వేలికి చుట్టుకోవడం ఆమెకు అలవాటు.

సినిమా సగంలో ఉండగా హాల్లో ఈలలు మొదలయ్యాయి. ముఖ్య అతిథి గడియారం చూసుకున్నారు. నిర్వాహకుణ్ణి నేనే, ఆపించేశాను. ఆమె పరుగున వచ్చింది. చున్నీ బిగిసి వేలికొస తెల్లబడింది.

"అన్నా, ముగ్గేసినాక నాన్నమ్మ లెగిసి ఇటు సూస్తాది. అదొక్కటీ సూపించన్నా."

"రేపు వేద్దాంలేమ్మా" అన్నాను. వేయలేదు.

కొన్నేళ్ల తర్వాత, ఈమధ్య ఒక బట్టల కొట్లో చీరలు మడతపెడుతూ కనిపించింది. క్షమించమన్నాను.

"నాన్నమ్మ పోనాదన్నా. నా ఫోనూ పాడైపోనాది. ఆవిడ ఫోటో ఒక్కటీ నేదు. మీకిచ్చిన సినిమా ఉన్నాది కదా?"

పండుగకు వచ్చిన సినిమాలన్నీ ఆ ఏడాదే చెరిపేశాం. అయినా వెతుకుతానని చెప్పి నంబరు ఇచ్చాను.

ప్రతి ఆదివారం ఫోను చేస్తోంది. నేను ఎత్తడం లేదు.