క్యాన్సర్ మందు

మా అక్క కొవ్వూరులో టీచరు. ఒంటి మీదా నోట్లోనూ పొక్కులు లేచి, చితికి పుండ్లయ్యే జబ్బు వచ్చింది. గంజి మింగాలన్నా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పాఠం చెప్పలేక సెలవు పెట్టింది. రాజమండ్రి డాక్టరుగారు ఒక ఇంజెక్షను రాశారు.

"ఇది రక్త క్యాన్సరు కోసం తయారైన మందేనమ్మా. కానీ ఈ జబ్బుకీ బాగా పనిచేస్తుంది. రెండు డోసులు పడాలి. రెండోది ఆలస్యం చేస్తే మళ్ళీ తిరగబెడుతుంది" అన్నారు.

మొదటి డోసు ఎలాగో చేయించాం. కొన్నాళ్ళకి అక్క మజ్జిగన్నం తినగలిగింది. ఆ పూట నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

రెండోదానికి ఇన్సూరెన్సుని నమ్ముకున్నాం. కంపెనీ ఒప్పుకోలేదు. ఫోను చేస్తే ఒకమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది.

"ఆ మందుకి అనుమతి క్యాన్సరుకేనండి. మేడమ్‌గారికి క్యాన్సర్ ఉంటే డబ్బు వచ్చేదండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. డాక్టరుగారి చేత ఉత్తరం రాయించి పంపినా అదే జవాబు.

ఈలోగా మందు సంగతి గోదావరి వంతెన దాటి మా ఊరికి వచ్చేసింది. "టీచరుగారికి క్యాన్సరంట" అని మా చర్చిలో ఆడవాళ్ళు ఉపవాస ప్రార్థనలు మొదలుపెట్టారు. ఇంటికొచ్చి అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చేవారు. కాదని చెబితే, దాస్తున్నామనుకుని ఇంకాస్త ఏడ్చేవారు.

"ఊరంతా ఉందంటున్నారు, ఆ కంపెనీవాళ్ళేమో లేదంటున్నారు. ఎవరో ఒకరు మాట మార్చుకుంటే బాగుండునే" అని అక్క నవ్వబోయింది. పెదవి చిట్లి రక్తం వచ్చింది. పొక్కులు మళ్ళీ మొదలయ్యాయి.

ఆ ఆదివారం పట్టుబట్టి ఆరాధనకు వచ్చింది. మందు దొరికేలా ప్రార్థించమని తానే అడుగుతానంది. పాస్టరుగారు రోగుల కోసం ప్రార్థన ఎత్తుకోబోతుండగా లేచి నిలబడింది.

"అయ్యగారూ, నాకు క్యాన్సర్ లేదండి. డాక్టర్లు పరీక్ష చేసే చెప్పారండి..."

తర్వాతి మాట మందు గురించే. ఆ మాట ఎవరూ చెప్పనివ్వలేదు. చర్చి అంతా ఒక్కసారిగా "స్తోత్రం" అంది. చప్పట్లు మోగాయి. వెనక బల్ల మీది ముసలావిడ వచ్చి అక్కను కావలించుకుంది. పాస్టరుగారు మా అక్కకు క్యాన్సర్ లేకుండా చేసినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. వాళ్ళ సంతోషంలో అబద్ధం లేదు. అందుకే ఎవరి మీదా కోప్పడలేకపోయాను.

అందరూ ఆమెన్ అన్నారు. అక్క పుండుపడిన నోటి మీద కొంగు అడ్డం పెట్టుకుని, మోచేత్తో నన్ను పొడిచింది.

"నువ్వూ ఆమెన్ అనవే" అంది.