మెత్తని మాట

పదో తరగతికి ముందు పిల్లలనూ, తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి సలహా చెప్పడం ఆయన ఉద్యోగం. బడిలో అందరూ ఆయన్ని సలహా మాస్టారంటారు. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన. బాగా చదివే పిల్లలకు టైంటేబుల్ వేసిచ్చి, నిద్ర పాడుచేసుకోవద్దని చెప్పి పంపేస్తాడు. వెనకబడిన పిల్లలు వస్తే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మాట్లాడతాడు. బడి ఫలితాలు చెడకుండా వాళ్ళను వదిలించుకోవడం కూడా ఆయన పనే.

మొన్న కుట్టుపని చేసుకునే ఒకావిడ కూతురితో వచ్చింది.

"అమ్మా, పాపకి ఇక్కడ ఒత్తిడెక్కువ. బడి మానిపించి బయటినుంచి పరీక్ష రాయిస్తే హాయిగా ఉంటుంది. నా కూతురికైనా ఇదే చెబుతాను," అన్నాడు.

"మా అన్నయ్యకీ ఇదే చెప్పారు సార్," అంది పిల్ల. "వాడు పరీక్షే రాయలేదు. గోడౌన్‌లో మూటలు మోస్తున్నాడు. నాకు లెక్కలొక్కటే రావు. ఎవరైనా నేర్పితే నేర్చుకుంటాను."

కళ్ళజోడు తుడుస్తున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. నేర్పిద్దాంలే అన్న మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో తల్లి, "పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది?" అని కూతుర్ని కసిరి, ఆయన చేతులు పట్టుకున్నంత పనిచేసింది. "మీరు మా మంచికే చెబుతారు బాబూ. మీరెలా అంటే అలాగే."

ఆయన నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. గుమ్మం దాకా వచ్చి పిల్ల తల నిమరబోయాడు. ఆ పిల్ల తల పక్కకి తిప్పుకుంది.