ఆరింటి మ్యాచ్ ఆపని కంట్రోలర్‌గారు

కంట్రోలర్‌గారు పోయారన్న కబురు నాకు ఏలూరులో, పవరుపేటలో ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం మూడో కథ నడుస్తుండగా తెలిసింది. ఫోను శబ్దం తీసేసి సంచీలో పెట్టి కూర్చోవడం నా అలవాటు. ఆ రోజు సంచీ అదేపనిగా వణుకుతుంటే ఇంటాయన చూసి, "ఏవండీ పంతులుగారూ, ఏదో అర్జంటులా ఉందండీ" అన్నారు. తీసి మా లీగు గ్రూపు చూశాను. "గూడెం కంట్రోలర్‌గారు తెల్లవారుజామున పోయారు" అని ఉంది. దాని కిందే, రెండు నిమిషాలైనా గడవకుండా, ఇంకొకరి ప్రశ్న. "అయ్యో. మరి సాయంత్రం మ్యాచ్ ఉంటుందా?"

వ్రతం మధ్యలో చావు కబురు పైకి చెప్పకూడదు. ఫోను మళ్ళీ సంచీలో పడేసి మిగతా రెండు కథలూ చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నవి కాబట్టి నోరు దాని పని అది చేసుకుపోయింది. ఆ ప్రశ్న అడిగినవాడి మీద మాత్రం ఒళ్ళు మండింది. తీరిగ్గా ఆలోచిస్తే, ఇంకెవరైనా పోయి ఆయన బతికుంటే, ఉంటుందని మొదట జవాబు రాసేది ఆయనే.

ఆయన తాడేపల్లిగూడెం బస్సు డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, రానివాడి బదులు ఎవరు ఎక్కాలి అన్నది చూసుకోవడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక కంప్యూటర్లో ఒక క్రికెట్ లీగు నడిపారు. మీకు తెలియకపోతే చెబుతాను. ఇందులో నిజం ఆటగాళ్ళు ఎవరూ ఉండరు. పన్నెండు జట్లు, పన్నెండుమంది మేనేజర్లం. ఆటగాళ్ళంతా కల్పితం. అయినా వాళ్ళకి వయసు మీద పడుతుంది, దెబ్బలు తగులుతాయి, ఓ రోజు రిటైరవుతారు. రోజూ సాయంత్రం ఆరులోపు పదకొండుమందిని ఎంచి, ఎవరు ముందు బ్యాటింగుకి దిగాలో, ఎవరు ఎప్పుడు బౌలింగు వెయ్యాలో పంపాలి. ఆరు కొట్టగానే కంప్యూటరు మ్యాచ్ మొదలుపెట్టి, బంతి బంతికీ ఏం జరిగిందో వరసగా చూపిస్తుంది. మనం పంపకపోతే నిన్నటి జట్టునే దింపుతుంది, అందులో కాలు విరిగినవాడున్నా సరే.

మా ఆవిడ దీన్ని లేనివాళ్ళతో కాపురం అంటుంది.

ఆయనకీ నాకూ పరిచయం తగువుతోనే మొదలైంది. వినాయక చవితి రోజు పురోహితుడికి ఊపిరాడదు. ఆ ఏడాది నావి పధ్నాలుగు ఇళ్ళు, మూడు పందిళ్ళు. ఆ సాయంత్రమే లీగు ఫైనలు, అందులో నా జట్టు. ముందు రోజు నా మంచి బౌలరుకి చెయ్యి విరిగింది. వాణ్ణి మార్చాలని పొద్దున్నించీ అనుకుంటూనే ఉన్నాను. ఆఖరి పందిట్లో పత్రి పూజ చేయిస్తూ ఎవరి చేతి గడియారమో చూస్తే ఆరుంపావు అయింది. చెయ్యి విరిగినవాడే బౌలింగుకి దిగాడు. ఓడిపోయాను. గెలిచింది కంట్రోలర్‌గారి గూడెం జట్టు.

మర్నాడు ఫోను చేసి చెడామడా మాట్లాడాను. "పెద్ద పండగలకి లీగు ఆపాలండీ! ఏ ఆటకైనా సెలవులుంటాయి, మనకెందుకుండవు?"

"మన ఆటగాళ్ళకి పండగలేముంటాయండీ? వాళ్ళు మనుషులు కారు కదా."

"మేనేజర్లు మనుషులే కదండీ!"

ఆయన నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. "పండక్కి బస్సులు ఆపుతామాండీ? ఆ రోజు ఇంకా స్పెషల్సు వేస్తాం" అన్నారు. అని, నా మాట కొట్టిపారెయ్యకుండా గ్రూపులో పెట్టారు. ఎవరెవరికి ఏ రోజులు కుదరవో రాయమన్నారు. నేను చవితి, దసరా, కార్తీక సోమవారాలు, మాఘంలో, వైశాఖంలో ముహూర్తాలు రాశాను. పెదపాడు రైతు నాట్లు, కోతలు రాశాడు. జంగారెడ్డిగూడెంలో పొగాకు కొనుగోలు చూసే ఆయన వేలం రోజులు రాశాడు. కంట్రోలర్‌గారు అన్నీ కలిపి ఒక కాగితం మీద గళ్ళు గీసి ఫొటో పంపారు. కింద చక్కటి చేతిరాతతో ఇలా ఉంది. "ఇవన్నీ తీసేస్తే మిగిలింది ఆషాఢ మాసం. అప్పుడు పంతులుగారు ఖాళీయే. కానీ రైతుగారు నారుమళ్ళలో ఉంటారు."

అందరూ నవ్వారు. నాకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది. నవ్వులాటతో నా మాట తేల్చేశారనుకున్నాను. అప్పుడు కొల్లేటికోట వైపు చేపల చెరువుకి కాపలా ఉండే ఆయన, అసలు గ్రూపులో నోరు విప్పని మనిషి, గొంతు రికార్డు చేసి పంపాడు. "పంతులుగారూ, ఏమీ అనుకోకండి. పండగంటే అందరూ ఇళ్ళకి పోతారండీ. నీళ్ళు చిలికే మిషన్లు ఆగితే చేప చచ్చిపోద్ది, అందుకని ఒకడు గట్టు మీద ఉండాలి. ఆ ఒకడూ నేనేనండీ. ఆ ఆరింటి మ్యాచ్ కూడా లేదంటే, ఆ రోజు నేను చేపల్తో మాట్టాడుకోవాలండీ."

దాన్ని రెండుసార్లు విన్నాను. పండగ రోజున నేను పధ్నాలుగు ఇళ్ళలో పీట వేయించుకునే మనిషిని. అయినా నా పట్టు నేను వదల్లేదు. గ్రూపులో ఓట్లు పెడితే సగం సగం వచ్చాయి. కంట్రోలర్‌గారు ఆపనని తేల్చి చెప్పి, దానికి బదులు డిపోలో ఉండే ఒక పద్ధతి లీగులోకి తెచ్చారు. పండక్కి సెలవు కావాల్సిన కండక్టరు ఇంకొకడితో డ్యూటీ మార్చుకుంటాడట. అలాగే తీరిక లేని మేనేజరు ఇంకొక మేనేజరుని అడగాలి. ఆ ఒక్కరోజు ఆయన మన జట్టుని పంపుతాడు. షరతు ఒకటే. సొంత జట్టుని ఎలా చూసుకుంటాడో ఇదీ అలాగే చూడాలి, ఎదుటి జట్టు తనదే అయినా సరే.

నాకు నమ్మకం కుదరలేదు. పోటీవాడి చేతికి మన జట్టుని అప్పగించడమేమిటి, విడ్డూరం కాకపోతే! అయినా ఆ దసరాకి వేరే దారి లేక, ఉక్రోషం కొద్దీ ఆయన్నే అడిగాను. ఆ రోజు నా మ్యాచ్ ఆయన జట్టుతోనే. మర్నాడు పొద్దున్నే ఫోను చేశారు.

"మీ ఎడంచేతి కుర్రాణ్ణి మూడో నంబర్లో పంపానండీ. మా వాళ్ళని ఉతికి ఆరేశాడు."

"మీరే పంపి మీరే ఓడారా?"

"డ్యూటీ ఎక్కాక అది మన బస్సేనండీ" అన్నారు, అదేమంత విశేషం కానట్టు.

ఆ తర్వాత ఒకసారి గృహప్రవేశానికి గూడెం వెళ్ళి, పనైపోయాక వాళ్ళింటికి వెళ్ళాను. సన్నగా, పొడుగ్గా, ఇంట్లో కూడా ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. గడియారం ముఖం మణికట్టు లోపలివైపుకి పెట్టుకున్నారు. స్టీరింగు పట్టుకున్నవాడు చెయ్యి తిప్పకుండా టైము చూడాలంటే అదే మార్గమని డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నారట. ఐదున్నరకి ఫోన్లో అలారం మోగింది. మాట మధ్యలో ఆపి, "ఒక్క నిమిషమండీ" అని జట్టు పెట్టడానికి కూర్చున్నారు. ఆయన జట్టులో ముప్పై తొమ్మిదేళ్ళ బౌలరు ఒకడున్నాడు, లీగు మొదలైన రోజు నుంచీ ఉన్నవాడు. వాడికి బంతిలో ఏమీ మిగల్లేదు. అయినా ప్రతి మ్యాచ్‌లో ఆఖరి నుంచి రెండో ఓవరు వాడిదే.

"వాణ్ణి తీసెయ్యరేమండీ?" అన్నాను.

"రిటైర్మెంటు కాగితం కంప్యూటరే ఇస్తుంది కదండీ. అది వచ్చేదాకా డ్యూటీ మనం ఇవ్వాలి."

ఆ మధ్య గుండెకి బాగోక ఏలూరులో ఆసుపత్రిలో చేర్చారు. చూడబోతే, ఎడమచేతికి సెలైను, కుడిచేతిలో ఫోను. నర్సు కేకలేస్తోంది. ఇప్పుడైనా నాలుగు రోజులు లీగు ఆపండి అని నేనూ అన్నాను. ఆయన నెమ్మదిగా తల తిప్పి, "ఆపడానికేముందండీ, మీట నొక్కితే ఆగుతుంది. ఆగిన బస్సుని మళ్ళీ కదిలించాలంటే ఎంతమంది దిగి తొయ్యాలో మీరెప్పుడూ చూళ్ళేదు" అన్నారు. నాలుగో రోజు ఇంటికి పంపారు. బాగానే ఉన్నారు. అందుకే వ్రతంలో ఆ కబురు చూసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు.

వ్రతం పూర్తి చేయించి రైలెక్కాను. మర్నాడు నాకు పెళ్ళి ముహూర్తం ఉంది. ముందురోజు చావింటికి వెళ్ళడమేమిటని మా ఆవిడ ఫోన్లో గోల. స్నానం చేసి లోపలికొస్తాలే అని పెట్టేశాను. నేను చేరేసరికి దహనం అయిపోయింది. మగవాళ్ళు స్నానాలు చేసి వస్తున్నారు. డిపో నుంచి వచ్చినవాళ్ళు ఖాకీ చొక్కాల్లోనే గోడ వారన నిలబడ్డారు. నేను లోపలికి వెళ్ళకుండా స్కూటరు పెట్టే రేకుల షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాను.

ఐదున్నరకి లోపల అలారం మోగింది. ఎవరికీ ఆపడం చేతకాక అది మోగుతూనే ఉంది. ఆయన కూతురు ఫోను పట్టుకుని బయటికొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "మీరు ఏలూరు పంతులుగారు కదండీ? దీని సంగతి మీకు తెలుస్తుందేమో చూడండి" అని నా చేతిలో పెట్టింది.

అలారం ఆపితే దాని వెనకే లీగు పేజీ తెరిచి ఉంది. ఆ రోజు సెమీఫైనలు. ఆయన జట్టుకీ నా జట్టుకీ. ముందు రోజు ఆయన వికెట్ కీపరుకి వేలు విరిగింది. మార్చేలోపే ఆయన పోయారు. పేజీ పైన, లీగు నడిపేవారికి మాత్రమే కనిపించే మీట ఉంది, "విరామం" అని. నా ఫోన్లో గ్రూపు తెరిస్తే పొద్దున్నించీ అందరిదీ ఒకటే మాట. ఈ రోజు ఆపాలి, గౌరవంగా ఉంటుంది.

మీ దగ్గర దాచడమెందుకు, నాకు ఆశ పుట్టింది. ఏమీ చెయ్యకుండా ఆ ఫోను తిరిగిచ్చేస్తే వేలు విరిగినవాడే ఆడతాడు, నేను ఫైనలుకి వెళ్తాను. చవితి నాటి దెబ్బ తర్వాత మళ్ళీ ఫైనలు ముఖం చూళ్ళేదు నేను. ఆ మీట నొక్కానా, నన్నెవరూ తప్పుపట్టరు సరికదా, ఇన్నాళ్ళూ నేను అడిగినదే నా చేతుల మీదుగా అవుతుంది. శవం లేచి పూటైనా కాని ఇంటి ముందు కూర్చుని ఇవి లెక్కలేసుకున్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

"అమ్మా, ఈ ఆట ఆపెయ్యమంటారా?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"నాకేం తెలుసండీ. నా నిశ్చితార్థం రోజున కూడా, తాంబూలాలు మార్చుకునేవాళ్ళని కూర్చోబెట్టి, నాన్నగారు పెరట్లోకెళ్ళి ఏదో నొక్కొచ్చారు" అంది. అని, ఏడుపూ నవ్వూ కలిసిపోయి లోపలికి వెళ్ళిపోయింది.

విరామం మీట నొక్కలేదు. కీపరుని తీసి, బెంచీ మీద ఉన్నవాణ్ణి పెట్టాను. ఎడంచేతి బ్యాట్స్‌మన్లని ముందుకి తెచ్చాను. నా బ్యాట్స్‌మన్ల లోపాలు నాకు తెలుసు కాబట్టి, వాళ్ళకి గిట్టని బౌలర్లనే ముందు పెట్టాను. చివరికి ముసలి బౌలరు దగ్గర వేలు ఆగింది. వాణ్ణి పెడితే లాభం నాది. తీసేస్తే ఆయన మాట పోతుంది. ఐదూ యాభై దాకా ఊగిసలాడి, ఆఖరి నుంచి రెండో ఓవరు వాడికే ఇచ్చాను. ఆయన కోసం ఇచ్చానో నా కోసం ఇచ్చానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఫలితం ముందే చెప్పేస్తాను, దాచి ఊరించేంత సంగతి కాదు. వాడు ఆ ఓవర్లో నాలుగే పరుగులిచ్చి నా కెప్టెన్ని అవుట్ చేశాడు. ఏడు పరుగుల తేడాతో ఓడిపోయాను.

కానీ నాకు మిగిలింది ఆ ఫలితం కాదు. జట్టు పంపి, ఫోను తిరిగిచ్చేద్దామని లేచాను. ఇంకా ఆరు కాలేదు. నా ఫోను మోగింది. చెరువు కాపలా ఆయన.

"ఏవండీ పంతులుగారూ, లీగులో కంట్రోలర్‌గారి పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోందండీ. ఆయన లోపలున్నట్టు చూపిస్తోందండీ."

"నేనేనండీ. వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆయన డ్యూటీ నేనెక్కాను. అయిపోయింది, బయటికి వచ్చేస్తున్నాను."

"రాకండి" అన్నాడు. "మ్యాచ్ అయ్యేదాకా అలాగే ఉంచండి."

నేను మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాను. తెర మసకబారినప్పుడల్లా వేలితో తాకుతూ, పన్నెండు పేర్లలో ఆయన పేరు పక్కన ఆ చుక్క ఆరిపోకుండా చూసుకుంటూ ఉన్నాను.