గోడ లోపలి తాటిచెట్టు

మాదాపూర్‌లో నేను కల్లు గీసే తాటిచెట్టు చుట్టూ ఆఫీసు గోడ లేచింది. చెట్టున్న పొలం ఆఫీసు వాళ్లకి అమ్ముడుపోయింది, నిజమే. కానీ గీసే హక్కు మా తాత నాటిది, దాన్ని ఎవరూ అమ్మలేదు. పైగా ఒక్క రోజు గీయకపోయినా గెల ఎండిపోతుంది. అందుకే ఈ రోజు పొద్దున గోడ దూకి, మోకు వేసుకుని ఎక్కేశాను.

నడుముకు పేజర్ పెట్టుకున్న సూపర్‌వైజర్ కింద నిలబడి అరిచాడు. "ఎవరయ్యా నువ్వు? ముందు కిందకి దిగు!"

"గీసుడైనంక దిగుత సారూ. అంత జల్ది ఉంటే నువ్వే ఎక్కి దించు!"

గోడ కట్టే కూలీలు పగలబడి నవ్వారు. నేను తీరిగ్గా గీసి, గెలకు కల్లు పట్టే లొట్టి కుండ కట్టి దిగాను.

రేపటి నుంచి ఆ సారు నన్ను లోపలికి రానివ్వడట. సరే, కల్లు లొట్టి పైనే ఉంది. అది నిండి పొంగి కింద వాళ్ల మీద కారితే ఆ పేజర్ సారు ఎక్కుతాడా, నన్నే పిలుస్తాడా? మీరే చెప్పండి.