ఊరి పేరు కొడితే మనిషి పేరు మాయం

ఎనభైల చివర్లో, టైపు లోయర్ పాసై ఆదోనిలో ఒక ఆఫీసులో చేరాను. మొదటి రోజే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, కొత్త మగ్గాలు ఇవ్వాల్సిన ఎమ్మిగనూరు నేతగాళ్ల జాబితాను, లైనుకొక మనిషి పేరు, దాని పక్కన ఊరి పేరు వచ్చేలా ఇంగ్లీషులో కొట్టమన్నారు. టైపులో నేర్పినట్టే కాగితం మీంచి కళ్లు తీయలేదు. కొట్టేసిన పేజీతో ఇక పనిలేదనుకుని చించి బుట్టలో వేస్తూ పోయాను.

అంతా అయ్యాక తలెత్తితే తెర మీద ఒక్క మనిషి పేరూ లేదు. మొదటి అక్షరం పోయిన ఊరి పేరే వరసగా ఉంది. నేతగాళ్లేమో బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

మిషన్ చూసే ఖాదరన్న వచ్చి నా చేత మళ్లీ ఒక లైను కొట్టించాడు. "నీ యేలు షిఫ్టుకు బదులు కంట్రోల్ మీద పడతాందమ్మా. దాంతో ఊరి పేరు మొదట్లోని వై కొడితే, ముందు కొట్టిన మనిషి పేరుతో సహా లైనంతా పోతాది. ఆ కమాండు తీసేస్తా, మళ్లా కొట్టు. కాగితాలు యాడుండాయి?"

బుట్ట చూపిస్తుంటే ఏడుపొచ్చింది. సంగతి విని నేతగాళ్లే లోపలికొచ్చారు. రోజూ తెగిన పోగులు అతికే ఆ చేతులు, నేల మీద తమ పేర్లను ముక్కాముక్కా కలిపి నాకిచ్చాయి.