కాల్షియం గేటు, మా అప్ప గ్లాసు

ముందే ఒప్పుకుంటున్నాను, నాది కోతల నోరు. పలాస స్టేషన్లో రైలు పావుగంట ఆగితే నా కబుర్లలో రెండు రోజులు ఆగుతుంది. అందుకని కొంత తీసేసి చదువుకోండి. ఏది తీసెయ్యాలో చివర నేనే చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను టెక్కలిలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. నా గొంతుకి ఇచ్ఛాపురంలో కాకులు లేచిపోయేవి. మా అప్పని, అంటే అక్కని, ఇచ్చింది ఉద్దానంలో. బావకి లక్ష కొబ్బరిచెట్లు.

ఆ ఏడు బావ కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. ఆ ప్రాంతానికి అది కొత్త జబ్బు కాదు. ఎందుకొస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. పొటాషియం ఎక్కువ, కొబ్బరినీళ్ళు చుక్క కూడా తాగొద్దన్నాడు డాక్టరు. అయినా వచ్చినవాళ్ళకి బొండాం కొట్టివ్వడం ఆ ఇంటి మర్యాద. నాకు కొట్టిచ్చి, నేను తాగుతుంటే కదిలే నా గొంతునే చూస్తూ కూచునేవాడు బావ. ఆ బొండాంలో బిందెడు నీళ్ళుండేవి, ఎంతకీ అయ్యేవి కావు.

ఒకరోజు, ఊరి నీళ్ళలో ఏదో లోహం ఉందంటున్నారు, అది ఒంట్లో ఏం చేస్తుందో చెప్పమన్నాడు. ఇంక నన్ను పట్టేదెవరు? కొబ్బరీనె తీసుకుని వాకిట్లో ఇసకమీద గీత మొదలుపెడితే అది సుమ్మాదేవి స్టేషన్ దాకా వెళ్ళింది. ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే పొయ్యిలుంటాయి, కిడ్నీలో మరీ ఎక్కువ అన్నాను. ఒక్కో పొయ్యికి రెండు పొరలు. బయటిదాంట్లో సులువుగా దూరొచ్చు. లోపలిది పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ గేటులాంటిది, సోదా చెయ్యనిదే వదలదు. కాల్షియానికి అందులో ప్రత్యేకంగా ఒక గేటుంది. వాళ్ళనే లోహం కాడ్మియం అయితే, దాని అయాను సైజులోనూ ఛార్జిలోనూ కాల్షియంలాగే ఉంటుంది కనక కాపలావాడు పొరబడతాడు. లోపలి రుణావేశం దాన్ని లాగేసుకుంటుంది. అక్కణ్ణించి పొయ్యి ఆరిపోవడమే.

గీతవైపు చూస్తూ అడిగాడు బావ.

"ఆ కాపలావోడికి ఎవులూ సెప్పలేరేటి?"

చెప్పలేమన్నాను. తన నూతిలో అసలు ఆ లోహం ఉందా అనడిగాడు. తెలియదన్నాను. పరీక్షకని సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ కబురు పెట్టలేదు.

"నా సంగతి ఒగ్గీ. మీ అప్ప ఆ నీరే తాగతంది. మానిపించాలా, వొద్దా? అదొక్కటి సెప్పు."

నేను దిగ్గున లేచి, ఇంట్లో ఉన్న బిందెడు నూతినీళ్ళూ పారబోసి, నూతి చేంతాడు తెంపేసి, ఆనాటినుంచి టెక్కలి నీళ్ళు సైకిలు మీద మోశాను.

సరే, ఇప్పుడు తీసెయ్యండి. చెట్లు అరవై. గీత తులసికోట దగ్గరే ఆగింది. అవి సాగదీసినవే గాని అల్లినవి కావు. అల్లింది ఆ బిందె, చేంతాడు, సైకిలు కథ ఒక్కటే. ఏ నీళ్ళు మంచివో తెలియనివాడు ఏవి పారబోస్తాడు?

జరిగింది ఇది. అప్ప లోపల్నించి గ్లాసుతో నూతినీళ్ళు తెచ్చిచ్చింది. బావ జవాబు కోసం నా మొహంలోకే చూస్తున్నాడు. నేను తాగి, తియ్యగా ఉన్నాయన్నాను. అప్ప అదే గ్లాసు మళ్ళీ నింపుకుని తనూ తాగింది.